టైరు లోపలి పక్కన రాసిన అక్షరం

ఆరేళ్ళుగా ఒక అక్షరాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పబోయి ఎన్నోసార్లు మాట మింగేశాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

యలహంకలో నాకొక టైర్ల కొట్టు ఉంది. ఒక డిసెంబరు ఉదయం భార్యాభర్తలిద్దరు పాత కారులో వచ్చారు. వెనక చక్రాలే బండిని తోసే రకం కారు. ఊటీ వెళ్తున్నామన్నారు. ఆమె బడిలో లెక్కల టీచరు, ఏదైనా కొనేముందు చదివి వచ్చే మనిషి. మంచు పడే దేశాల్లో చలికాలానికి వేరే టైర్లుంటాయట, అలాంటివి ఉన్నాయా అని అడిగింది. నవ్వాను. మన చలికి అవి అక్కర్లేదు, తడిలో పట్టు నిలిచే కొత్త టైర్లుంటే చాలన్నాను. అది నిజమే. ఆ రోజు నేను చెప్పిన ఆఖరి నిజం అదే.

ఆ సైజువి కొట్లో రెండే ఉన్నాయి. కొత్తవి రెండే అయితే వెనక వేయాలి, లేకుంటే తడిలో వెనక భాగం జారిపోతుంది, అందులోనూ ఇలాంటి కారుకు. నాకు పని నేర్పినాయన మొదటి వారంలోనే చెప్పిన మాట ఇది. అందుకే రెండింటికీ లోపలి పక్కన పసుపు మైనపు బలపంతో 'వె' అని రాసుకున్నాను. వె అంటే వెనక. కానీ కారు ముందు భాగం అప్పటికే జాకీ మీద ఉంది. బెంచీ మీద అయిదుగురు కాచుకొని ఉన్నారు. లేచి ఉన్న ముందు చక్రాలకే బిగించేశాను. పరాకు అనుకుందామా? మొదటి చక్రం వరకు పరాకే. రెండోది ఎత్తేటప్పుడు ఆ అక్షరం కంటపడింది. అయినా బిగించాను.

ఆమె వంగి చూసింది.

"కొత్తవి ఎనకాల ఎయ్యల్ల కదప్పా? తోసేది ఎనక చక్రాలే కదా?"

"స్టీరింగు ముందర ఉండాదక్కా, పట్టు ముందరే కావాల. ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని చేస్తా ఉండా."

"ఎనకవి గట్టిపడినట్టుండాయే?"

"నేను చెప్తా ఉండా కదక్కా. పోయి రాండి."

బెంచీ మీద ఎవరో నవ్వారు. ఆమె మొహం చిన్నబోయింది. నాకు లోలోపల హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ హాయిగానే అనిపించింది. అయిదుగురి ముందు నా పని నాకే నేర్పబోయిన ఆడమనిషి నోరు మూయించాను గదా! అవునక్కా, మీరన్నదే సరి అంటే నా సొమ్మేం పోయేది? మార్చడానికి ఎంతసేపు పట్టేది? వెనక టైర్లకు నల్ల పాలిష్ పూసి, మెరిపించి పంపాను.

పన్నెండు రోజులకు కారు లారీ మీద తిరిగొచ్చింది. ఆమె రాలేదు. ఘాట్ రోడ్డులో, పట్టపగలే, మంచుకు తడిసిన మలుపులో కారు వెనక భాగం పక్కకు జారిపోయింది. గిర్రున తిరిగి ఎడమవైపు రాతిగోడకు గుద్దుకుంది. ఎడమవైపు ఆమె కూర్చుంది.

ఆమె భర్త కారును నా దగ్గరికే తెచ్చాడు. నమ్మకం, ఇంకేముంది.

"నేను బ్రేకు తొక్కినట్టు గుర్తే లేదప్పా. తొక్కింటానా?"

నేను ముందు చక్రం పక్కన కూర్చొని ఉన్నాను. బ్రేకు గట్టిగా తొక్కితే టైరు ఒకచోట గీరుకుపోతుంది. నాలుగింటి మీదా అలాంటి మచ్చ లేదు. ఆ వెనక టైర్లతో ఆ మలుపులో జారడానికి ఎవరూ ఏదీ తొక్కనక్కర్లేదు. లోపలి పక్కన, బురద కింద, 'వె' చెక్కుచెదరకుండా ఉంది. పెట్రోలు గుడ్డతో దాన్ని తుడుస్తూ, తలెత్తకుండా చెప్పాను.

"తొక్కింటారు సార్. భయంలో మనకే తెలీదు."

ఆయన తలూపాడు. మళ్ళీ కారు నడపలేదు.

చినుకులు పడే పొద్దుల్లో నడిచి వస్తాడు. వచ్చేముందే నాకు తెలిసిపోతుంది. కొట్లో రబ్బరు వాసన పోయి, బడి గదిలో ఉండే సుద్ద వాసన వస్తుంది. ఆయన గొడుగు ఎడమకు వంచి పట్టుకొని ఉంటాడు. కుడి భుజం తడిసి ముద్దవుతుంది. ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు పొడిగా ఉంటుంది. లోపలికి వచ్చి అదే అడుగుతాడు. నేను అదే చెప్తాను. ఆరేళ్ళుగా ఇంతే. ఆయన నిజంగా జవాబు కోసమే వస్తున్నాడా? లేక ఎవరైనా తీసుకొస్తున్నారా?

మొన్న ఆయన ఏమీ అడగలేదు. ఊరికే నిలబడ్డాడు. ఆ పొడి చోటి నుంచి ఎవరో నన్ను ఓపిగ్గా చూస్తున్నట్టు అనిపించింది. లెక్క తప్పు చేసినవాడు తనంతట తాను దిద్దుకుంటాడేమో అని చూసినట్టు. ఆయన వెళ్ళాక సిమెంటు నేల మీద తడి అడుగులు చూశాను. లోపలికి వచ్చినవి రెండు జతలు. బయటికి పోయినవి ఒకటే జత.

అప్పటి నుంచి సుద్ద వాసన పోలేదు. ఇది రాస్తుంటే భుజం వెనక నుంచి ఎవరో చదువుతున్నట్టుంది. భయంగానే ఉంది. ఆయన ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పగలనా? మాట ఇవ్వలేను, నా పిరికితనం నాకు తెలుసు. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను. కాగితం మీద పెట్టాక గుండెల్లో కొంచెం గాలి ఆడుతోంది, అంతే.

మీరన్నదే సరి అక్కా. కొత్తవి వెనకే వేయాలి.

సార్, మీరు బ్రేకు తొక్కలేదు.