పరిగ ఏరేవాళ్ళ నవ్వు

కొత్తవలసలో పాసింజరు చాలాసేపు ఆగిపోయింది. డ్రాయింగు మాస్టారుగా కొత్తగా చేరిన నేను ఫోన్‌లో పాత విదేశీ చిత్రాలు చూస్తున్నాను. కోసిన చేలో ముగ్గురు పేద ఆడవాళ్ళు వంగి, రాలిన కంకులు ఏరుకుంటున్న బొమ్మ వచ్చింది. పక్క సీటు ముసలావిడ తొంగి చూసింది.

"పరిగ ఏరతన్నారు. సిన్నప్పుడు మేమూ ఏరేవోళ్ళం. ఈళ్ళు ఒక్కళ్ళూ నవ్వరేటి?"

"పేదవాళ్ళు కదమ్మా, కష్టం చూపించాలి," అన్నాను. అంతవరకూ నేను గీసిన పేదలంతా తల వంచుకున్నవాళ్ళే.

"కష్టమే బాబూ, నడుం ఇరిగిపోయేది. అయితే నవ్వమా? రైతు అటు తిరిగితే పనలోంచి కంకులు లాగీసి ఒకటే నవ్వు!"

నడుం మీద చెయ్యేసుకుని, తల వెనక్కి వాల్చి నవ్వి చూపించింది. ఆ నవ్వు మొహాన్ని కాగితం మీద గబగబా గీసి ఇచ్చాను.

"నా ఎత్తుపళ్ళు కూడా దించీసినావేటి!" అంది. పెట్టెలో అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి ఏ కష్టజీవి బొమ్మ మొదలుపెట్టినా ముందు మొహం గీస్తున్నాను.