చెయ్యెత్తిన రోజు

బి.ఎడ్. పరీక్షలో కుటుంబ ఆర్థిక, సామాజిక నేపథ్యం పిల్లల మూర్తిమత్వాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో వివరించమన్నారు. మూడు పేజీలు వివరించాను. నా చేతుల సంగతి మాత్రం రాయలేదు. అది సిలబస్‌లో లేదు.

పలాసలో అమ్మ జీడిగింజలు కొట్టే పనికి వెళ్లేది. సెలవు రోజుల్లో నేనూ పక్కన కూర్చునేదాన్ని. చేతులకు ఎంత బూడిద రాసుకున్నా గింజ తోలులోని రసం ఊరుకోదు, వేళ్లు నల్లబడతాయి. ఆ నలుపు సబ్బుకు లొంగదు. పాత చర్మం ఊడి కొత్తది రావాలి; అంతలో మళ్లీ ఆదివారం వచ్చేది. అందుకని బడిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. ఎంత వినయమో అని టీచర్లు మురిసిపోయేవారు. జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు.

పక్క బెంచీ కుర్రాడిది వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల కుటుంబం. వాళ్ల నాన్న మాట్లాడితే ఊరంతా వింటుంది. అందుకే కాబోలు, జవాబు తెలియకపోయినా వీడు చెయ్యెత్తేవాడు. తొమ్మిదో తరగతిలో టెక్కలిలో జరిగిన క్విజ్ పోటీకి మా ఇద్దరినీ ఒక జట్టుగా పంపారు.

బయల్దేరేటప్పుడు అమ్మ నా వేళ్లకు కొబ్బరినూనె రాసింది.

"నల్లబడింది సేతులే కదే, బుర్ర కాదు."

పోటీలో మావాడు ముందు చెయ్యెత్తేసి, "ఒలే, బేగి సెప్పీ," అనేవాడు. నేను చెవిలో ఊదేదాన్ని. వాడు గంభీరంగా ప్రకటించేవాడు. అలా ఫైనల్‌కు వచ్చేశాం.

చివరికి రెండు జట్లూ సమానం. క్విజ్ మాస్టారు మమ్మల్ని చాలాసేపటి నుంచి గమనిస్తున్నట్టున్నారు.

"ఇంతవరకూ మాట్లాడనివాళ్లే ఇప్పుడు చెయ్యెత్తాలి. ముందు ఎవరెత్తితే వాళ్లకే అవకాశం," అన్నారు.

ప్రశ్న: శరీరంలో రక్తాన్ని వడకట్టేవి ఏవి? ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో దీనికి చదువు అక్కర్లేదు. అవతలి జట్టు అమ్మాయికీ తెలుసని ముఖమే చెబుతోంది, కానీ ఆమె కూడా జంకుతోంది. నా చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

"ఎత్తవేటే! సెయ్యి ఇంటికాడ ఒగ్గీసినావేటి?" అన్నాడు మావాడు.

ఎత్తాను. హాలంతా నా వేళ్లకేసి చూసింది.

"చేతికేమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"జీడిగింజలు కొడతానండి, మూత్రపిండాలండి," అన్నాను ఒకే ఊపిరిలో.

ఇందులో ఏది జవాబో తేల్చుకోవడానికి ఆయనకు క్షణం పట్టింది. తర్వాత చప్పట్లు.

కప్పు పట్టుకోమని మావాడే నన్ను ముందుకు తోశాడు. ఫొటోలో నా ముఖం కాస్త మసకగా పడింది. పదివేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. అమ్మ దాన్ని పనికి పట్టుకెళ్లి, గింజలు కొట్టేవాళ్లందరికీ చూపించింది.

"మా గుంట సేతులు సూడండి!"

ఆ తర్వాత బడిలో నా చెయ్యి దించడానికి టీచర్లు చాలా శ్రమపడ్డారు. వినయం తగ్గిందన్నారు. నిజమే.