పాలు పడని పిల్ల

నేను చేసే పని ఏమిటో మా నాన్నకు చివరిదాకా సరిగ్గా అర్థం కాలేదు. ఆయన అరకులో మిషన్ స్కూలు టీచరు. చర్చిలో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి విశాఖపట్నంలో పసిపిల్లల రక్తం చూసే డాక్టరు" అనేవాడు. అది తప్పేమీ కాదు. పుట్టుకతోనే ఒంట్లో ఏదో ఒక ఎంజైము కరువై, తిన్న తిండే విషమయ్యే పిల్లలుంటారు. ఆ లోటు ఎక్కడుందో వాళ్ల రక్తంలో, మూత్రంలో వెతకడం మా ల్యాబు పని. చాలాసార్లు మాకు జవాబు దొరికేసరికి బిడ్డ ఉండదు.

ఈ పాప ఉంది. అయినా ఈ పాపనే తలుచుకుంటే ఎక్కువ బాధ కలుగుతుంది.

డుంబ్రిగుడ అవతల కొండమీది ఊరు వాళ్లది. పుట్టిన కొద్దిరోజులకే పాప కళ్లు పచ్చబడ్డాయి. తాగిన పాలన్నీ కక్కేస్తోందని ముందు అరకు ఆసుపత్రికి, అక్కడినుంచి అంబులెన్సులో ఘాట్ రోడ్డు దింపి మా ఆసుపత్రికి తెచ్చారు. వెంట తల్లీ తండ్రీ, నాయనమ్మా వచ్చారు. వార్డు డాక్టరు నాకు ఫోన్ చేసి "మేడమ్, లివర్ పాడవుతోంది. వీళ్ల మొదటి బాబు కూడా ఇలాగే పోయాడట" అన్నాడు. ఆ చివరి మాట విని కిందికి పరుగెత్తాను.

పాప మూత్రంలో చక్కెర ఉంది, అది మామూలు గ్లూకోజు మాత్రం కాదు. పాలలో ఉండే చక్కెరను ఒంట్లో ఇముడ్చుకోలేని గాలక్టోసీమియా అని అనుమానం వచ్చింది. రక్త పరీక్షతో అది ఖాయం కావడానికి కొన్ని రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆగితే పిల్ల దక్కదు. అందుకని తల్లిపాలు వెంటనే ఆపేసి, సోయా పొడి కలిపి పట్టమన్నాను.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "పాలు మానిపిస్తే గుంట ఎలగ బతుకుద్ది? పొడి కలిపిన నీల్లకి బతుకుద్దేటి? మా కొండ మీద ఇలగెవులూ సెయ్యరు" అని నా మీదికే వచ్చింది. తల్లి చిన్నపిల్ల. ఇరవై దాటాయో లేదో. ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదువుకుంది. పాపను నర్సు చేతికిచ్చి, పైట సర్దుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

పాప తేరుకుంది. వాంతులు ఆగాయి, మెల్లగా కళ్ల పసుపు తగ్గింది. రిపోర్టు వచ్చిన రోజు భార్యాభర్తలను నా గదిలో కూర్చోబెట్టి చెప్పాను. ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరి తప్పూ లేదు, మీ ఇద్దరి దగ్గరనుంచి చెరో సగం వచ్చి పాపలో కలిశాయి, జీవితాంతం పాలు పడవు. ఆ అబ్బాయి తలూపుతూ విన్నాడు. ఆమె మాత్రం ఒక్కటే అడిగింది.

"అయితే మేడం, పెద్దోడికి కూడా ఇదేనా?"

"అయ్యుండొచ్చమ్మా."

"ఆడు తాగనేకపోయినా నోట్లో ఎట్టీదాన్ని. బలం వత్తాదని. అంటే నా పాలే ఆడ్ని సంపేసేయా?"

  "నీ పాలలో ఏ లోపమూ లేదు తల్లీ, బాబు ఒంటికి అవి పడలేదు, అంతే" అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది. భర్త కూడా లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం నర్సు పైకి వచ్చి, "పాలు చేపుకొచ్చి ఆ అమ్మాయికి జ్వరం తగిలిందండి. పిండి పారబోసి ఆ సింకును సబ్బు పెట్టి కడుగుతోంది. మళ్లీ మళ్లీ కడుగుతోంది" అని చెప్పింది.

అప్పుడు మా వార్డులో సాలూరు నుంచి వచ్చిన నెలతక్కువ బిడ్డ ఒకటి ఉంది. దాని తల్లి ఐసీయూలో ఉంది. మా ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉన్నా అప్పటికి నిల్వ అడుగంటింది. నర్సు ఆశగా నావైపు చూసింది. నేను కిందికి వెళ్లి పాప తల్లి పక్కన కూర్చుని, నీ పాలు ఆ బిడ్డకు ఇస్తావా అని అడిగాను.

ఆమె భయంతో వెనక్కి జరిగింది. "వొద్దు మేడం. ఆ గుంట కూడా సచ్చిపోద్ది. మా అత్త పెద్దోడు పోయినప్పుడే అన్నాది, నీ పాలు మంచివి కావే అని."

నాయనమ్మ అక్కడే, మంచం అవతల ఉంది. తల దించుకుంది.

"మీ పాప ఒక్కదానికే అవి పడవు. ఈ వార్డులో ఇంకే బిడ్డకైనా ఇవ్వొచ్చు. పరీక్ష చేయిస్తాను, నీకే చూపిస్తాను" అన్నాను. ఆమె మంచం అవతలికి, అత్తవైపు చూసింది. చివరికి లేచి నర్సు వెంట నడిచింది.

ఆమెకు జ్వరం తగ్గాక పరీక్షలన్నీ చేసి, పాలను శుద్ధి చేసి, చుక్కచుక్కగా ట్యూబు ద్వారా ఆ బిడ్డకు పట్టారు. ఆమె అద్దం బయట నిలబడి కాపలా కాసినట్టు చూసేది. వాంతి అయిందా, కళ్లు పచ్చబడ్డాయా అని నర్సులను అడిగేది. ఏమీ కాలేదు. ఆ బిడ్డ బరువు పెరిగింది. ఆ సంగతి నేనే వెళ్లి చెప్పాను, కాస్త నవ్వుతుందని. ఆమె అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది.

"మంచి పాలే మేడం. మంచి పాలే. మరి నా కొడుక్కెందుకు పడనేదు?"

ఆ చలికాలంలో బంధువులకు పరీక్షలు చేయడానికి వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్లలో మేనరికాలు ఎక్కువ, ఇంకా ఎవరిలో ఆ సగం ఉందో తెలిస్తే రాబోయే పిల్లలకు మేలు. వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోసి ఉన్నాయి. అందరి రక్తం తీసి సీసాలు ఐసు పెట్టెలో సర్దుతుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది.

"నాకూ నా కొడుక్కంటే ముందు ఇద్దరు పిల్లలు పోనారమ్మా. ఇలగే పచ్చగా అయిపోయి. నాకప్పుడు మా అత్త అదే మాటన్నాది. మాయదారి పాలని. నాను నా కోడల్ని అదే అనీసేను." నా చెయ్యి వదిలింది. "ఆల్లకీ ఇదే రోగమేటి? నీ మిసను సెప్పనేదా?"

"చెప్పలేదమ్మా. వాళ్ల రక్తం ఉంటే తెలిసేది."

"మట్టయిపోనారు. రగతమెక్కడిది?" అంది. కోపం లేకుండానే అంది.  ఆమెకు ఇదీ అని చెప్పగలిగే పరీక్ష ఏదీ లోకంలో లేదు. బహుశా అదే జబ్బని నాకు తెలుసు.  "నీ పాలు కూడా మంచివే" అని మాత్రం చెప్పాను. ఆమె పైటతో మొహం తుడుచుకుని, "బేగి పద, జీపు ఎల్లిపోద్ది" అంది.

పాప ఎదిగింది. అంబలి తాగుతుంది, అన్నం తింటుంది. మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఇప్పటికీ తడబడుతూ మాట్లాడుతుంది. ఏటా చూపించడానికి తెస్తారు. ఈసారి తల్లి ఒక్కతే తెచ్చింది. పాప నా స్టెతస్కోపుతో ఆడుకుంటుంటే ఆమె అడిగింది, "పెద్దయ్యి పెల్లయితే దీని పిల్లలకి కూడా వత్తాదా మేడం?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఈ జబ్బున్న ఆడపిల్లల్లో చాలామందికి అండాశయాలు చిన్నప్పుడే దెబ్బతింటాయి, పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు, అసలు పుట్టకపోనూవచ్చు అని చెప్పాను. అందరికీ అలా కాదని, ముందు ముందు మార్గాలున్నాయని కూడా అన్నాను. అవి విందో లేదో తెలియదు. పాప జుట్టు సరిచేసింది.

"ఇంట్లో ఎవులికీ సెప్పకండి మేడం" అంది. "మా అత్తకి అసలే సెప్పకండి. ఆవిడ మోసింది సాలు. ఇది నా కాడే ఉండనీండి."

పాపకు కొంచెం పెద్దయ్యాక తెలియాలి కదా అన్నాను. "అప్పుడు నానే సెప్తాను" అంది. అరకు బస్సుకు టైమవుతోందని పిల్లను చంకనెత్తుకుంది. ఎత్తుకునే వయసు దాటిన పిల్లే. కాళ్లు తల్లి మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. అయినా దింపకుండా మెట్లు దిగిపోయింది.