నీలికళ్ళ పాముపిల్ల

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసులో అందరికీ అంతేనేమో గాని, నాకు మాత్రం మరీ ముదిరింది. అమలాపురంలో బీఎస్సీ జువాలజీ చదివాను (రికార్డులో కప్ప దగ్గర్నుంచి బొద్దింక దాకా బొమ్మలన్నీ గీసింది మా అక్క). ఉద్యోగం మాత్రం ఒమాన్‌లోని సహంలో, ఇనుప సామాన్ల కొట్టు కౌంటర్ మీద దొరికింది. మేకులూ తాళాలూ అమ్ముకునేవాణ్ణి అమ్ముకోకుండా, దొరికిన ప్రతివాడికీ నేను జువాలజీవాణ్ణని చెప్పుకునేవాణ్ణి. రెండేళ్ళలో బేరానికి సరిపడా అరబ్బీ కూడా పట్టుబడింది. ఆ చదువూ ఈ భాషా కలిసి నన్ను నిలువునా ఎలా ముంచాయో చెబుతాను. మీరు నవ్వితే నవ్వండి, సిగ్గుపడే పని మాత్రం నాది. ఇప్పటికీ పడుతూనే ఉన్నాను.

మా యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఊరి చివర ఆయనకో తోట ఉంది, ఖర్జూరం చెట్లు, నిమ్మచెట్లు, మేకలు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఓ తెల్లదొర దగ్గర ఆయన పదకొండు పాముపిల్లల్ని తీసుకున్నాడు. కార్న్ స్నేక్ అంటారు వాటిని. విషం లేదు, పౌరుషం లేదు, రెండు నెలల వయసు, పెన్సిల్ లావు. పిల్లల కోసమని తెచ్చాడు గాని పిచ్చి పట్టింది ఆయనకే (పిచ్చే తప్ప ముట్టుకోడు, నాలుగడుగుల దూరంలో నిలబడి ముద్దు చేసేవాడు). దొర వెళ్తూ వెళ్తూ, వీటిలో అరుదైన రంగు పిల్ల ఉన్నా ఉండొచ్చు, చూసుకో అన్నాడట. ఇక అర్బాబ్‌కి స్థిమితం లేదు. ఆయన బావమరిది ఇంట్లో మాట్లాడే చిలక ఉంది. చుట్టాలందరూ దాని గురించే చెప్పుకుంటారు. ఆ చిలకని మించింది తన తోటలో ఉండాలని ఆయన పంతం. "నువ్వు జంతువుల చదువు చదివావు కదా, ఏది ఏ రంగో తేల్చు" అన్నాడు నాతో. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

తోటలో పనిచేసే పెద్దాయన జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి, మేమంతా కాక అని పిలిచేవాళ్ళం. పన్నెండేళ్ళు సైట్లలో సిమెంటు మోసి, నడుం పట్టేశాక ఈ తోటకొచ్చాడు. మేకలతోనూ చెట్లతోనూ పని కాబట్టి అరబ్బీ నేర్చుకోలేదు. అర్బాబ్‌కి ఆయన మాట చేరాలంటే నా నోటి మీదుగానే చేరాలి. పాముల గది ఊడ్చే పనీ, దాని తాళంచెవీ కాకవే. మొదటిరోజు ఆ గదిలోకొచ్చి పైకి చూసి, "మన రూమ్‌ల ఏసీ నడ్వది గని పాములకు ఏసీనా తమ్మీ! అచ్చే జల్మల నేను గూడ పామునై పుడ్త" అన్నాడు. ఆ వారమంతా ఆయన హుషారే వేరు. మూడేళ్ళ తరవాత ఊరికెళ్ళే చుట్టీ దొరికింది. వచ్చే మంగళవారం ప్రయాణం, ఆ పై ఆదివారం మనవరాలి తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక. సంచీ సర్దడం, విప్పి చూసుకోవడం, మళ్ళీ సర్దడం.

నేను ఫోన్ ముందు పెట్టుకుని, పదకొండు డబ్బాలకీ చీటీలు అంటించాను. ఒంటి మీద నలుపన్నది లేకుండా, నారింజ రంగులో ఎర్రకళ్ళతో ఉన్నది ఒకటి. ఎరుపన్నది లేకుండా బూడిదా నలుపుగా ఉన్నవి రెండు. మిగతా ఎనిమిదీ గోధుమ రంగు మచ్చల మామూలు పిల్లలే. నలుపు లేనివీ ఎరుపు లేనివీ కూడా ఎక్కడపడితే అక్కడ దొరికేవేనని ఫోన్ చెప్పింది. అర్బాబ్ మొహం వాడిపోయి, "ఇంతేనా?" అన్నాడు. పాముల్ని అన్నట్టు లేదు, నా చదువుని అన్నట్టుంది. అక్కడే పాడైపోయాను.

ఆదివారం నాడు ఏడో డబ్బా మూత తీశాను. మామూలు పిల్ల అని చీటీ అంటించిందే. దాని కళ్ళు నీలంగా ఉన్నాయి. పాలలో నీలిమందు చుక్క వేసినట్టున్నాయి. ఒళ్ళంతా బూడిద పూసినట్టు పాలిపోయింది. ఈ పిల్లలకి పెరిగేకొద్దీ అసలు రంగు బయటపడుతుందని అంతకు ముందే చదివి ఉన్నాను (సగం చదివాను, మిగతా సగం నా సొంతం). ఫొటో తీసి పరుగెత్తుకెళ్ళి అర్బాబ్‌ని తీసుకొచ్చాను. "నీలికళ్ళ బూడిదరంగు! లక్షకొకటి పుడుతుంది!" అన్నాను. లక్ష అన్న లెక్క నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ భగవంతుడికే తెలియాలి.

చీపురు పట్టుకుని నిలబడ్డ కాక వంగి చూశాడు. "తమ్మీ, అది కుబుసానికచ్చింది. పాతతోలు లేస్తుంటే కండ్లు గట్లనే మబ్బువడ్తయి. రెండు మూడొద్దులు ముట్టకుండ్రి, ఇడుస్తది" అన్నాడు. "కాకా, ఇది మీ చేలో పాము కాదు, దీని సైన్సు వేరు" అని కసిరాను. అర్బాబ్ నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు. నేను తడుముకోకుండా, "మాషాఅల్లా, ఇంత అందమైన పాముని పుట్టి బుద్ధెరిగి చూడలేదంటున్నాడు" అన్నాను. అర్బాబ్ సంతోషపడిపోయి కాక భుజం తట్టాడు. తన సలహా సారుకి నచ్చిందనుకుని కాక కూడా తల ఊపాడు. ఇలాంటి వాటికి వెలుతురు పనికిరాదు, శుక్రవారం దాకా ఎవరూ తెరవకూడదని డబ్బా మీద గుడ్డ కప్పాను. "ఆఁ, గదే మంచిది" అన్నాడు కాక. శుక్రవారం భోజనానికి రమ్మని బావమరిదికి అర్బాబ్ అప్పుడే ఫోన్ చేశాడు.

శుక్రవారం పొద్దున మేకలకి గడ్డి వేస్తున్న కాక దగ్గర తాళంచెవి తీసుకుని, నేనొక్కణ్ణే గదిలోకి వెళ్ళి గుడ్డ తీశాను. డబ్బాలో నిగనిగలాడుతూ గోధుమరంగు మచ్చల పాముపిల్ల, నల్లటి కళ్ళు. నీళ్ళగిన్నె చుట్టూ పల్చగా, తెల్లగా, తలనుంచి తోకదాకా చిరుగు లేకుండా కుబుసం. ఓరి నాయనో అనుకున్నాను. గబుక్కున ఆ కుబుసాన్ని తీసి ప్యాంటు జేబులో కుక్కేసి, గుడ్డ మళ్ళీ కప్పేశాను. ఎందుకంటే ఏం చెప్పను? కాస్త ఆలోచించుకుని ఏదో ఒకటి చెబుదాంలే అనుకున్నాను. నా ఆలోచన తెమిలేలోపే నమాజు అయిపోయింది, కార్లు వచ్చేశాయి.

అర్బాబ్ పెళ్ళిచూపులకి తీసుకెళ్ళినట్టు బావమరిదిని తీసుకొచ్చి, తనే గుడ్డ లాగాడు. ఇద్దరూ వంగి చూశారు. "నీలికళ్ళది ఏది?" అన్నాడు అర్బాబ్. నేను ఆ గుడ్డ తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టాను. "తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అన్నాడు. "కాక దగ్గర" అన్నాను. అది నిజమే, కానీ ఆ పొద్దున నేను తీసుకున్నానన్నది కూడా నిజమే, అది నేను చెప్పలేదు. అర్బాబ్ కాక వైపు తిరిగి "హరామీ!" అని అరిచాడు. దొంగ అన్నమాట. ఆ ఒక్క ముక్క అర్థం కావడానికి కాకకి నా అవసరం లేదు. పామును మార్చి అమ్ముకున్నాడు, అది దొరికే దాకా చుట్టీ లేదు, టికెట్ రద్దు చేయిస్తానని అర్బాబ్ కేకలేస్తున్నాడు. "ఏమాయె తమ్మీ? పాము గిదే గద! నెత్తి మీది మచ్చ సూడుమను, నీ ఫోన్ల ఫొటువకు పెట్టి సూడుమను. కుబుసం ఇడిసింది, గంతే. జెర సారుకు జెప్పు తమ్మీ" అన్నాడు నా చెయ్యి పట్టుకుని.

"ఏమంటున్నాడు?" అన్నాడు అర్బాబ్.

"తనకేమీ తెలియదంటున్నాడు" అన్నాను.

అన్నాను. రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఆ క్షణంలోనే తప్పు ఒప్పేసుకున్నానని రాస్తే ఎంత బాగుండేది! ఒప్పుకోలేదు. ఏసీ గదిలో చెమటలు పట్టి, మొహం తుడుచుకుందామని జేబులోంచి రుమాలు తీసి గట్టిగా అద్దుకున్నాను. పల్చటి ప్లాస్టిక్ కాగితంలా ఏదో చెంపకి అతుక్కుంది. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. చూసుకుంటే, కుబుసం నా మూతి మీంచి గడ్డం దాకా వేలాడుతోంది. బావమరిది ముందు గుడ్లప్పగించాడు, తరవాత పొట్ట పట్టుకుని కింద కూలబడి నవ్వాడు. అర్బాబ్ నవ్వలేదు. "వాడు ఇందాక ఏమన్నాడో ఇప్పుడు చెప్పు, ఒక్క మాట పోకుండా" అన్నాడు. చెప్పాను. ఆదివారం ఆయన అన్నది కూడా చెప్పాను. ఫోన్ తీసి ఫొటో చూపించాను. నెత్తి మీది మచ్చ అచ్చంగా అదే.

కాక నా మూతి వైపూ నా జేబు వైపూ చూశాడు. అంతా అర్థమైంది ఆయనకి. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. అర్బాబ్ వైపు తిరిగి చేతులు జోడించి, "పోనియ్యుండ్రి సారూ. చిన్నపోరడు, భయపడ్డడు. మంచోడే" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు అర్బాబ్, నన్నే.

"వదిలెయ్యమంటున్నాడు" అన్నాను. "చిన్నవాడు, భయపడ్డాడు అంటున్నాడు." ఆ తరవాతి మాట నా నోటికి రాలేదు. దాన్ని అక్కడే మింగేశాను.

మంగళవారం కాక ఊరికెళ్ళాడు, మనవరాలి తొట్టెలకి అందుకున్నాడు. ఆయన తిరిగొచ్చే దాకా మేకలూ పాములూ నాకు శిక్ష, కౌంటర్ డ్యూటీ అయ్యాక. ఉద్యోగం మాత్రం నిలిచింది. ఎందుకో తెలుసా? కుబుసం మూతికి కట్టుకున్న జువాలజీవాడి కథని బావమరిది సహం ఊరంతా చెప్పుకుని తిరిగాడు, చిలక ఊసు ఎత్తేవాడు లేడు. అర్బాబ్ ఆశ అలా తీరింది. కాక ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు, నెలకోసారి ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా, "ఆనాడు నువ్వు మంచోనివని నేను సారుకు జెప్పకుంటె నీ నౌకరి ఊడుతుండె గదరా తమ్మీ!" అని ఒకటే నవ్వు. నేనూ ఆ ఇరవై మూడేళ్ళ పండితుణ్ణి తలుచుకుని నవ్వుతాను. "అవును కాకా, నీ మాటే నన్ను నిలబెట్టింది" అంటాను. ఆ మాట అర్బాబ్‌కి చేరనే లేదని ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.