కొత్త గుమాస్తాకు చెప్పిన కల్లు ధర

ఇవాళ పొద్దున నేను చేసిన పనికి ఇంకా తల ఎత్తుకోలేకపోతున్నాను. మా ఆఫీసుకు రాజమండ్రి నుంచి ప్రసాద్ అనే గుమాస్తా బదిలీ మీద వచ్చి వారమైంది. తాటికల్లు ఎప్పుడూ తాగలేదని, ఒకసారి రుచి చూపించమని అడిగాడు. ఆదివారమే కదా అని కరీంనగర్ బయట, రాజయ్య కల్లు గీసే తాటివనానికి తీసుకెళ్లాను. అక్కడ నా మిత్రులిద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లను నవ్వించాలని, "కొత్తవాళ్లకు ముంత రెండు రూపాయలు" అని ప్రసాద్‌తో చెప్పాను. నిజానికి ముంత ధర రూపాయే.

ప్రసాద్ ఒక ముంత తాగి, రాజయ్యకు రెండు రూపాయలు ఇచ్చాడు.

"గిదేంది సారూ, ముంత రూపాయే గదా! రెండని ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు రాజయ్య.

మిత్రులు కిసుక్కున నవ్వారు. సంగతి అర్థమై రాజయ్య నా వైపు తిరిగాడు.

"సారూ, ఆరేండ్ల కింద నువ్వు మొదటిపారి అచ్చిన్నాడు నీ తాన పైసల్ తీసుకున్ననా? కొత్తోళ్లకు తొలి ముంత ముఫ్తుల పోస్త గదా!"

తీసుకోలేదు. పైగా ఆ రోజు నాకు పురుగులు లేకుండా వడకట్టి మరీ పోశాడు.

నేను నోరు తెరిచేలోపే ప్రసాద్ అందుకుని, "సార్ సరిగ్గానే చెప్పారండీ, నేనే తప్పుగా విన్నాను" అన్నాడు.

రాజయ్య ఆ రెండు రూపాయలూ తిరిగి అతని చేతిలో పెట్టాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా ప్రసాద్ మామూలుగానే మాట్లాడాడు. రేపు పది గంటలకు అతను నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. క్షమాపణ ఏ మాటతో మొదలుపెట్టాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.