నీలి సరస్సు గట్టు మీది తలుపు

మలేషియాలో రంజాన్‌ని హరి రాయా అంటారు; ఆ పండగ ముందురోజు, కువాలా సెలంగోర్ ఊరెళ్ళే బస్సులో కూర్చుని ఫోన్‌లో నేను ఎళ్దామనుకుంటన్న అఫ్గానిస్తాన్ కొండల మధ్య నీలి సరస్సుల ఫొటోలు చూస్తన్నాను. పక్క సీటాయన తొంగిచూసి, "అది మా ఊరు" అన్నాడు మలాయి భాషలో. ఏ నెలలో ఎళ్ళాలో, బుద్ధుడి గుహలకి దారేటో అన్నీ చెప్పినాడు. పండగకి ఇక్కడ అందరం అడిగేదే నేనూ అడిగేసినాను.

"మరి రాయాకి మీ ఊరు ఎళ్ళట్లేదా?"

"ఎళ్తే చంపేస్తారు" అన్నాడు మెల్లగా. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, గట్టు మీద ఓ మట్టింటి తలుపు చూపించినాడు. "మా అక్క ఇల్లు. తమ్ముడు బతికున్నాడని చెప్పండి."

తప్పకుండా చెప్తానన్నాను.

మరుసటేడు ఎళ్ళినాను. డ్రైవరు తొందరపెట్టినాడని అందరికీ చెప్తాను గానీ, అక్కడ ఆపమని నేనసలు అడగనేలేదు. నేను తీసిన ఫొటోలోనూ ఆ తలుపు కనబడతాది. తెరిచే ఉంది.