ఢిల్లీ సభకు హాజరు వేసిన అత్త

ప్రొద్దుటూరు పుర ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: నా సైకిల్ షాపు ముందరి బల్లకు ఇకమీదట మూడు కాళ్ళే ఉండును. నాలుగో కాలికి బదులు పెట్టిన ఇటుకను ఎవరూ కదిలించరాదు. టైరుకు గాలి కొట్టేటప్పుడు సలహాలు ఇవ్వరాదు. పత్రిక కావలసినవారు ముందు నా నోట చదివించుకొనే శిక్ష యథాప్రకారం కొనసాగును. అయితే పత్రికల బస్సు రాగానే “ఈపొద్దు మనోడు సభకు పోయినాడా?” అని అడిగే హక్కు మాత్రం రద్దు చేయడమైనది. ఆ హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషి, మా పక్కింటి అత్త, చనిపోయింది.

అత్త అంటే చుట్టరికం ఏమీ లేదు. జమ్మలమడుగు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం వాళ్ళది. పిల్లలు లేరు. మొగుడు పోయాక అక్కడ పొసగక, ఒక బర్రెను తోలుకొని ప్రొద్దుటూరు వచ్చి నా షాపు పక్క మిద్దెలో అద్దెకు దిగింది. వీధిలో ఇంటింటికీ పాలు పోసేది. అక్షరం ముక్క రాదు. పాలు పోసిన ఇంటి గోడ మీద పూటకొక సున్నపు బొట్టు పెట్టి వచ్చేది. ఆమెకు తెలిసిన రాత అదొక్కటే.

ఇంట్లో ఇంకో ప్రాణి ఉండేది. పులివెందులలో అత్త చెల్లెలు పురిట్లో పోతే, పది రోజుల పసికందును కొంగులో కట్టుకొని బస్సులో తెచ్చుకుంది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకొని ఆ బిడ్డకు ఏం పేరు పెట్టారో కూడా అడగలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్ళు. మగ్గాలవాళ్ళకు కండెలు చుట్టి ఇస్తుంది. అత్త పోతే ఆ పిల్లకు నీడ లేదు. ఉన్నదల్లా జమ్మలమడుగు దగ్గర మొగుడి వాటాగా వచ్చిన నాలుగెకరాల నల్లరేగడి. దాన్ని పిల్ల పేర రాసిద్దామని, మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు జమ్మలమడుగు వకీలు దగ్గరికి పోయింది. తోడు నేనే పోయాను, బస్సు ఖర్చు ఆమెదే కాబట్టి.

వకీలు కాగితాలు చూసి, ఈ భూమి నువ్వు బతికినన్నాళ్ళు పండించుకొని తినడానికే, రాసిచ్చే హక్కు నీకు లేదు, నీ తర్వాత నీ బావగారి కొడుకులకు పోతుంది అన్నాడు. అత్త లేచి రాబోతుంటే మళ్ళీ పిలిచాడు.

“ఢిల్లీలో హిందూ వారసత్వం బిల్లు ఒకటి నడుస్తాంది. అది చట్టమైన దినానికి నువ్వు బతికుంటే ఆ భూమి పూర్తిగా నీది. ఎవరికైనా రాసియ్యొచ్చు. ఒక దినం ముందు పోతే మాత్రం నేనేమీ చేయలేను.”

“అయితే బతికే ఉంటా లెప్పా,” అంది అత్త, ఎవరో భోజనానికి ఉండమంటే ఒప్పుకున్నట్టు.

అప్పటినుంచి నా పీకల మీదికి వచ్చింది. ఊరంతా రాజధాని కర్నూలుకు వచ్చిందని మురిసిపోతుంటే ఆమెకు కర్నూలుతో పని లేదు. మద్రాసు పత్రిక ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సెక్కి మా ఊరు చేరేది. అత్త పాలచెంబు పక్కన పెట్టి బల్ల మీద కూర్చొనేది. నేనేమో ఉన్న వార్తకు లేని వార్త కలపకపోతే అన్నం అరగని మనిషిని. ఒకరోజు, కొమ్ములున్న బర్రెలకు ఢిల్లీలో పన్ను వేశారు, కొమ్ముకింత అని చదివాను. ఆమె బర్రెకు ఒక కొమ్ము విరిగి ఉంది. మునిసిపాలిటీ ఆఫీసుకు పోయి, తన ఎనుముకు సగమే కట్టించుకోవాలని గుమాస్తాతో గంటసేపు వాదించింది. ఆఫీసు ఆఫీసంతా నవ్వింది.

తిరిగొచ్చి తిట్టలేదు. “ఇంకమీద ఏలు పెట్టి సదువు,” అంది. “నోరు ఆడినట్ల ఏలు ఆడదు. అబద్దం చెప్పేటోని ఏలు ఒకసోట నిలవదు.” ఆ రోజు నుంచి ఏ లైను చదువుతున్నానో దాని కింద నా వేలు ఉండాలి. ఆమె అక్షరాల వంక చూసేది కాదు, వేలి వంకే చూసేది. చెబితే నమ్మరు గానీ, నా అబద్ధాన్ని ఆమె పట్టుకొనేది. అచ్చులో ఉన్నది నిజం, నా నోట్లో ఉన్నది అనుమానం. ఆమె శాస్త్రం అంతే.

గడప పక్కన ఒక నాపరాతి బండ నిలబెట్టి ఉండేది. దాని మీద ఢిల్లీకి హాజరు వేయడం మొదలుపెట్టింది. పత్రికలో మన జిల్లా సభ్యుడి పేరు కనబడితే ఒక సున్నపు బొట్టు. లేకపోతే ఖాళీ. సభలో వందలమంది ఉంటారు, ఆయన రోజూ వచ్చి కూర్చుంటున్నాడేమో, పత్రికవాళ్ళు అందరి పేర్లూ వేయరు అని ఎంత చెప్పినా వినలేదు. పాలు పోసినదానికి బొట్టు ఉంటుంది, పోయనిదానికి ఉండదు. ఆమె లోకంలో మూడో సంగతి లేదు. ఆఖరికి నా చేత కార్డు రాయించింది: “అయ్యా, మీకు ఏడు వారాలుగా బొట్టు లేదు. ఒంట్లో బాగలేదా? బాగుంటే సభకు పోండి. నాకు బాగలేదు, అయినా పాలు పోస్తాండా.” మీ లేఖ అందినది అని అచ్చువేసిన జవాబు వచ్చింది. దానికీ ఒక బొట్టు పెట్టింది.

ఒంట్లో బాగలేదన్న మాట నిజం. గుండె నీరసించి కాళ్ళకు నీరు దిగుతోందని డాక్టరు చెప్పాడు. పది అడుగులు వేస్తే ఆయాసం. ఈ సంగతి వీధికి తెలుసు. జమ్మలమడుగుకు మాత్రం తెలియకూడదు.

నెలకొకసారి బావగారి కొడుకులిద్దరూ వచ్చేవాళ్ళు. వాళ్ళను చెడ్డవాళ్ళని అనను. ఎదురుచూడటం తప్ప వాళ్ళు చేసిన నేరం లేదు, అత్త చేసిందీ అదే. ఒకసారి పెద్దోడు కూర్చొని ఆమె పాదాల వంక చూస్తూ, “కాళ్ళు వాచినట్లుండాయే చిన్నమ్మా,” అన్నాడు.

“నిలబడి నిలబడి అట్లయితాయి నాయనా. నాకు కూర్చునేకి యాడ పొద్దుంటాది?” అని నిండు బిందె చంకకెత్తుకొని, వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. వాళ్ళతో జొన్నల ధర గురించి మాట్లాడుతూనే నడిచింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆ బిందె దించలేదు. తర్వాత నన్ను పిలిచింది. “అల్లుడా, దించు. నాకు చేతగావడంల్యా.” దించాక గోడకు ఆనుకొని చాలాసేపు నోరు తెరుచుకొనే ఉంది. కండె చుడుతున్న అమ్మాయి లేచి వచ్చి ఆ పాదాలను ఒళ్ళో పెట్టుకుంది.

బిల్లు మటుకు తీరుబడిగా నడిచింది. పరిశీలన సంఘానికి పంపినారు, సవరణలు పెట్టినారు, ఒక సభ అయింది, ఇంకో సభ మిగిలింది, నడుమ వాయిదాలు. వాయిదా అన్న మాట వినబడితే అత్త ముఖం చూడలేకపోయేవాణ్ణి. “వాళ్ళకు సెలవులు ఉండాయి. నాకు ఉండాయా?” అనేది. అప్పుడు నేను నవ్వించాలని ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆమె నవ్వేది. నవ్వుకు కూడా ఆయాసం వచ్చేది, అందుకని మానేశాను. నవ్వించకుండా పత్రిక చదవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

ఈ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో రెండో సభ కూడా ఒప్పుకుంది. వేలు పెట్టి రెండుసార్లు చదివాను. అత్త మంచం మీద నుంచి లేవబోయింది.

“అయిపోయిందా?”

“రాష్ట్రపతి సంతకం ఒకటి కావాలత్తా. అది పడితేనే చట్టం.”

“ఒక సంతకానికి ఎంతసేపు? నేను ఏలిముద్ర యేసేకి నిమిషం పట్టదు.”

వీలునామా వకీలు గుమాస్తా చేత అప్పటికే రాయించి పెట్టెలో దాచింది. వేలిముద్ర ఒక్కటే వేయలేదు. చట్టం కాకముందు వేస్తే చెల్లదని ఆమెకు తెలుసు. రోజూ బస్టాండులో పత్రికల కట్ట విప్పకముందే పోయి నిలబడేవాణ్ణి. రోజూ లేదు. రోహిణి కార్తె వచ్చింది. నాపరాళ్ళ ఇంట్లో పొయ్యి పక్కన పడుకున్నట్టు పడుకుంది. అన్నం మానేసింది, మజ్జిగ నీళ్ళు మాత్రం తాగేది, అదీ లెక్కగా, బతకడానికి ఎంత కావాలో అంత. పాలు పోయడం అమ్మాయి అందుకుంది. ఊపిరి తీసి, కాసేపు ఆపి, మళ్ళీ తీసేది. నేను చూస్తున్నానని తెలిసి, “దాసిపెట్టుకుంటాండా రా,” అంది. ఆమె దాచుకోగలిగింది అదొక్కటే.

మృగశిర పుట్టి, మొదటి చినుకు పడిన రోజున పత్రిక వచ్చింది. సంతకం అయింది. తడిసిన కాగితం గుండెకు హత్తుకొని పరిగెత్తుకొచ్చాను. మంచం పక్కన కూర్చొని వేలు పెట్టి చదివాను. ఆమె నా వేలి వంకే చూసింది, చాలాసేపు.

“ఏలు కదల్లేదు,” అంది.

అమ్మాయి సున్నపు గిన్నె తెచ్చింది. ఆమె చేయి పట్టుకొని బండ దాకా సాగదీస్తే, రాష్ట్రపతికి ఒక బొట్టు పెట్టింది. వీలునామా మీద వేలిముద్ర వేసింది, గుమాస్తా, నేను సాక్షులం. పొద్దు వాలకముందే దాచుకున్న ఊపిరి వదిలేసింది. బావగారి కొడుకులు వచ్చి పాడె మోశారు. పొలం గురించి ఏ తగువూ పెట్టుకోలేదు.

ఇంతదాకా చదివినవాళ్ళకు ఒక మాట చెప్పాలి. చినుకు పడిన రోజున పత్రిక వచ్చిందని రాశానే, అది పూర్తిగా నా కల్పన. అత్త పోయింది రోహిణి ఆఖరి రోజున, చెప్పులు అతుక్కుపోయే ఎండలో. ఆ రోజు పత్రికలో సంతకం మాట లేదు. సంతకం అయిందని నా నోరు చదువుతుంటే నా వేలి కింద ఉన్నది తలనూనె ప్రకటన. సంతకం వార్త వచ్చింది పదకొండు రోజుల తర్వాత. బావగారి కొడుకులు తగువు పెట్టుకోలేదన్నది నిజమే. పెట్టుకోవలసిన అవసరమే వాళ్ళకు లేకపోయింది.

అమ్మాయి నాలుగో తరగతి చదివింది. ఆ రోజు నా భుజం వెనకే నిలబడి ఉంది. నూనె సీసా బొమ్మ చూసింది, నన్ను చూసింది. ఆ నాలుగెకరాలు ఎవరికి పోతాయో నాకంటే బాగా తెలిసిన పిల్ల. లోపలికి పోయి సున్నపు గిన్నె తెచ్చింది.

అత్త అచ్చులో ఉన్నదే నమ్మేది. అందుకే ఒక్కసారైనా అది అచ్చులో ఉండాలని పైన అట్లా రాశాను. అచ్చువేసే వాళ్ళు దిద్దమని పంపిన ప్రతి ఇప్పుడు నా చేతిలో ఉంది. బండ పక్కన కూర్చొని, చివరి బొట్టు ముందర పరిచి, సంతకం అయిందన్న లైను కింద వేలు పెట్టాను. ఈసారి నిలవడం లేదు.